యాడికే అని నేను పెట్టిన పేరు

జనగామ, మానుకోట, భూపాలపల్లి తిరిగొచ్చానంటే మా తెనాలి వాళ్లు "అక్కడ చూడ్డానికి ఏమున్నాయి?" అని అడిగారు. చూడ్డానికి కాదు, వినడానికి వెళ్లానంటే నవ్వారు. నవ్వితే నవ్వనీ. నాలుగు రోజుల ప్రయాణం. వచ్చి నెల దాటినా చెవుల్లోంచి పోవడం లేదు. రాస్తేనైనా పోతుందేమోనని కూర్చున్నాను.

నా పని సంగతి ముందే చెప్పాలి. హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ థియేటర్లో ఇరవై ఏళ్లుగా శబ్దం శుభ్రం చేస్తున్నాను. మాట వెనకాల ఫ్యాను చప్పుడు, కుక్క అరుపు, ఎవరిదో దగ్గు, అన్నీ తీసేసి మాటను మాత్రం మిగల్చాలి. బియ్యంలో రాళ్లు ఏరడం లాంటిదే. పదిహేనేళ్ల కింద కొత్తగూడ అడవి దగ్గర ఒక లంబాడీ తండాలో పెళ్లికి వెళ్లాను. అత్తారింటికి పోతూ పెళ్లికూతురు రాగం తీసి ఏడుస్తుంటే కొత్తగా కొన్న రికార్డర్ బయటికి తీశాను. ఇంటికొచ్చి శుభ్రం చేశాక ఆ పిల్ల మాటిమాటికీ "యాడికే, యాడికే" అంటున్నట్టు వినపడింది. ఎక్కడికే నన్ను పంపుతున్నారు అని అడుగుతోంది కాబోలనుకుని అదే పేరు పెట్టి ఇంటర్నెట్లో పడేశాను. తర్వాత మర్చిపోయాను.

పోయినేడు కూరగాయలు కొంటుంటే దుకాణంలో ఏదో ఇంగ్లీషు పాట మోగింది. చివర్న మేక మెడగంట చప్పుడు. చేతిలో వంకాయ చేతిలోనే ఉండిపోయింది. అది నా మేక, ఆ తండా పెళ్లి నాటిది. అప్పట్లో ఎంత తంటాలుపడ్డా తీయలేక వదిలేసిన గంట అదొక్కటే.

సముద్రాల అవతల ఎవరో గాయని ఆ ఏడుపును తీసుకుని, కింద తాళం వేసి, మధ్యలో తన మాటలు నాలుగు కలిపి పాట చేసింది. పాట పేరు మాత్రం నేను పెట్టిందే ఉంచింది. అది దేశాలన్నీ తిరిగింది. ఏదో పాత మంత్రమని కొందరు రాశారు. "నా భాషలో ఇది 'ఇచ్చేశాను' అన్నట్టు వినిపిస్తోంది" అని ఒక స్పానిష్ ఆయన రాశాడు. ఢిల్లీ కుర్రాళ్లకు 'యారీ', అంటే స్నేహం, వినిపించిందట. ఎవరికి తెలిసిన మాట వాళ్లకు వినపడింది.

మొదట పొంగిపోయాను, దాచడమెందుకు. నా పేరు ఎక్కడా లేకపోయినా ఆ శుభ్రం నాదే కదా అనుకున్నాను. కొన్నాళ్లకు ఆ పొంగు చల్లారి దిగులు పట్టుకుంది. ఆ పిల్ల ఏమైంది? తన ఏడుపుకు ప్రపంచం గంతులేస్తోందని ఆమెకు తెలుసా? ఆమెను అడక్కుండా రికార్డు చేశాను, అడక్కుండా ఊరి మీద వదిలాను. వెళ్లి కలిసి, తప్పయితే తప్పని ఒప్పుకోవాలనిపించింది. అందుకే బయల్దేరాను.

జనగామ

ఆ రోజు నన్ను పెళ్లికి తీసుకెళ్లినవాడు శ్రీశైలం. అప్పుడు ఆ తండా బడిలో పంతులు, ఇప్పుడు జనగామలో హెడ్మాస్టరు. స్టేషన్ బయట టీ తాగించి, నేను వచ్చిన పని విని తన గ్లాసు కింద పెట్టాడు.

"ఏందన్నా, గీ పాట నీ పుణ్యమేనా? మా బల్లె రోజు పొద్దుగాల పొల్లగాండ్లు ప్రార్థన కన్న ముందుగాల గిదే పాడుతున్నరు."

ఆ సాయంత్రం రఘునాథపల్లిలో వాళ్ల చుట్టాల పెళ్లి. నన్నూ లాక్కెళ్లాడు. మా వైపు ఊరేగింపంటే మేళం వెనక పెద్దవాళ్లు ఉత్తరీయాలు సర్దుకుంటూ నడుస్తారు. ఇక్కడ బరాత్‌లో పెళ్లికూతురి మేనత్త దగ్గర్నుంచి వార్డు మెంబరు దాకా రోడ్డు మీదే ఉన్నారు. ట్రాక్టరు ట్రాలీ మీద నా ఎత్తుకు రెండింతలున్న స్పీకర్లు. మూడో పాట అదే. అయితే ఎవరో దానికి తెలుగు చరణాలు కట్టారు. "యాడికే పోతున్నవే పిల్లా, నన్నిడిసి యాడికే" అని ఒక మగ గొంతు వెకిలిగా అడుగుతుంది. వెంటనే నేను రికార్డు చేసిన గొంతు. ఆ వెంటనే ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దం మీద డప్పు.

ఆ క్షణమే అసలు సంగతి. పాట ఆగినట్టే ఆగుతుంది, జనం అంతా ఊపిరి బిగబట్టుకుంటారు, డప్పు పడగానే ఒక్కసారిగా ఎగురుతారు. ఏ దేశంలో చూసినా అక్కడే ఎగురుతున్నారు. ఏడుపుకీ ఏడుపుకీ మధ్య అంత నున్నటి ఖాళీ ఊరికే దొరకదు. దాన్ని రెండు గంటలు కూర్చుని చేసింది నేనేనని శ్రీశైలం చెవిలో అరిచి చెప్పాను. గర్వంగానే చెప్పాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

వార్డు మెంబరు నా చెయ్యి పట్టి గుంపులోకి లాగాడు. నాలుగు గంతులేసేసరికి ఎడమకాలి చెప్పు పోయింది. మర్నాడు నూటపాతికకు నీలం హవాయి చెప్పులు కొనుక్కుని మిగతా ప్రయాణమంతా వాటితోనే తిరిగాను.

తిరిగొస్తూ శ్రీశైలం ఆట పట్టించాడు. "మీ సిన్మలల్ల తాగుబోతులకు, రౌడీల పక్కన తిరిగేటోళ్లకు మా మాట పెట్టి నవ్వుకుంటిరి. ఇయ్యాల లోకమంత యాడికే అంటున్నది. మంచిగైంది తీయ్."

ఆ తాగుబోతుల గొంతుల్ని శుభ్రం చేసిన చేతులూ ఇవే.

ఆనాటి తండా పెళ్లికూతురి పేరు కమ్లి అనీ, ఆమె అన్న బాలు ఇంకా తండాలోనే ఉంటాడనీ చెప్పి ఫోన్ నంబరు ఇచ్చాడు.

మానుకోట

కాగితాల మీద మహబూబాబాద్. బస్సులోనూ టీ కొట్టులోనూ మానుకోట. రైలు దిగాక కొత్తగూడ బస్సుకు రెండు గంటలు సమయముందని మిర్చి మార్కెట్ వైపు నడిచాను. అది నా తెలివితక్కువతనం. ఎర్రటి కుప్పల మధ్య అడుగుపెట్టగానే తుమ్ములు మొదలై ఆగలేదు. నీడపట్టున తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు నన్ను చూసి తమ భాషలో ఏదో అనుకుని విరగబడి నవ్వారు. వాళ్లలో పెద్దావిడ ఒక నీళ్ల సీసా ఇచ్చి కూర్చోమంది. చేతులకు మోచేతి దాకా లంబాడీల తెల్లటి గాజులు.

అంతలో ఒక ట్రాలీ ఆటో ఆ పాట పెట్టుకుని పోయింది. అందరి నవ్వూ ఒక్కసారి ఆగిపోయింది. ఆటో మలుపు తిరిగేదాకా ఎవరూ తలెత్తలేదు.

"ఈ పాట మీకు నచ్చదా అవ్వా?" అని అడిగాను.

"గది పాట గాదు సారు. ఏడుపు."

"అవునవును. ఎక్కడికి పంపుతున్నారని అడుగుతోంది కదా, యాడికే అని." నాకు తెలిసింది చెప్పుకోకపోతే తోచదు.

ఆవిడ చేతిలో మిరపకాయ పక్కన పెట్టింది.

"యాడికే గాదు. యాడీ ఏ. మా మాటల యాడి అంటే అమ్మ. ఓ అమ్మా, ఓ అమ్మా అని తల్లి మెడ పట్టుకోని ఏడుస్తున్నది గా పిల్ల. ఎవడో బుద్ధి లేనోడు యాడికే అని పేరు పెట్టిండు. గిప్పుడు బరాతుల మీ పోరగాళ్లు మా అమ్మను పిలుసుకుంట ఎగురుతున్నరు."

ఆ బుద్ధి లేనివాడు ఆవిడ ఇచ్చిన నీళ్లు తాగుతూ ఆవిడ ఎదురుగానే కూర్చున్నాడు. నేనేనని చెప్పలేదు. కళ్లలో నీళ్లు తిరిగితే మిర్చి ఘాటు మీదకు నెట్టేశాను.

బస్టాండు పక్క మెస్సులో ఎనభై రూపాయల భోజనం. మా ఇంట్లో పప్పుచారు పోసుకునే చోట ఇక్కడ పచ్చిపులుసు. ఉల్లిపాయ, కొత్తిమీర, కాల్చిన పచ్చిమిర్చి వాసన. ఇంకో రోజయితే మూడుసార్లు పోయించుకునేవాణ్ణి. పదిహేనేళ్లు ఒక తల్లిని పట్టుకుని 'ఎక్కడికి' అన్నానని తలుచుకుంటూ సగం భోజనం వదిలేసి లేచాను.

తండా

గూడూరు దాటాక అడవి మొదలవుతుంది. తండా రోడ్డు మీద ఇప్పపువ్వు ఎండబోశారు. మగ్గిన తీపి వాసన. బస్సు దిగినచోటే బాలు బైకు మీద ఎదురుచూస్తున్నాడు. నలభై ఏళ్లుంటాయి. పత్తి, మొక్కజొన్న వేస్తాడు, మధ్యలో హైదరాబాద్‌లో కట్టుబడి పనికి పోయొస్తాడు. తిడతాడేమోనని భయపడుతూ వెళ్లాను. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీరే ఒచ్చిన్రా సారు! మా చెల్లె గా పాట మొదటి పారి ఇనంగనే ఫోన్ చేసింది. అన్నా, గది నా గొంతు, మన ఇంటి ముంగట నేను ఏడ్సింది అని. ఎవరు తీసిన్రో ఎట్ల పట్టుకోవాల్నో తెల్వక పరేషానైనం. దేవుడు పంపినట్టు ఒచ్చిన్రు."

గోడ మీద వాళ్లమ్మ ఫోటో ఉంది. ఆధార్ కార్డు ఫోటోను పెద్దది చేయించారు, అందుకే కళ్లు కొంచెం చెదిరినట్టున్నాయి. నాలుగేళ్ల కింద పోయిందట. ఊపిరితిత్తుల జబ్బు.

"ఫోటోలన్న ఉన్నయి సారు, గొంతే లేదు. ఫోన్ల మాట్లాడుమంటే భయపడేది. ఎన్నడు ఒక్క ముక్క రికార్డు చెయ్యలే. అందుకే చెల్లె మీ కోసం చూస్తున్నది."

నాకు అర్థం కాలేదు. నేను రికార్డు చేసింది చెల్లెలి గొంతే కదా అన్నాను.

బాలు ఓపిగ్గా చెప్పాడు. తండాలో పెళ్లికూతురు వెళ్లిపోయేటప్పుడు తన వాళ్లను ఒక్కొక్కరినే మెడ చుట్టూ చేతులేసి పట్టుకుని ఏడుస్తుంది. దాన్ని ఢావ్లో అంటారు. అది ఒంటరి ఏడుపు కాదు. బిడ్డ ఒక మాట అంటే తల్లి ఒక మాట తిరిగి చెప్పాలి. చెప్పకపోతే బిడ్డను వట్టి చేతులతో పంపినట్టు.

"ఆనాడు మా యాడి మస్తు సేపు మర్లి చెప్పింది. ఏం చెప్పిందో చెల్లెకు యాదికి లేదు. ఏడుసుకుంట ఉన్నది గద, చెవుల పడలే. మేము దూరంగ ఎడ్లబండి కాడ ఉన్నం. మీ డబ్బా ఒక్కటే దగ్గర ఉన్నది. మీ దగ్గర ఉంటది కద సారు?"

అప్పుడు గుర్తొచ్చింది. బిడ్డ గొంతు తీగలా సాగుతుంటే మధ్యలో ఇంకో గొంతు అడ్డం వచ్చేది. బొంగురుగా, దగ్గుతూ, మైకుకు మరీ దగ్గరగా. ఎవరో ముసలావిడ పక్కన నిలబడి గోల చేస్తోందనుకున్నాను. వచ్చిన చోటల్లా వెతికి వెతికి కోసేశాను. ఆ రెండు గంటల పని అదే. ఆ నున్నటి ఖాళీలు అవే. రికార్డర్ కార్డులో చోటు చాలదని అసలు రికార్డు ఆ వారమే చెరిపేశాను. ఆ రోజుల్లో ప్రతిదీ అలాగే చెరిపేసేవాణ్ణి.

"చూద్దాం" అన్నాను బాలుతో. వాళ్లావిడ జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు పెట్టింది. నేను తింటుంటే బాలు భూపాలపల్లిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి తమ భాషలో ఏదో చెప్పాడు. అవతలి నుంచి ఆమె సంతోషం నాకు వినపడింది. సంతోషానికి భాష తెలియక్కర్లేదని అప్పుడే తెలిసింది.

ములుగులో దిగడం

మర్నాడు నర్సంపేట మీదుగా ములుగు దాకా కిటికీ పక్కన కూర్చుని అబద్ధాలు అల్లాను. రికార్డర్ పాడైందని చెప్పొచ్చు. ఇంటికెళ్లి వెతుకుతానని చెప్పి వెతక్కుండా ఊరుకోవచ్చు. ములుగులో భూపాలపల్లి బస్సు కోసం దిగి, నిలబడివున్న హనుమకొండ బస్సెక్కి కూర్చున్నాను. పారిపోదామనే. కండక్టరు టికెట్టు అడిగేలోపు ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"సారు, నేను కమ్లిని. ఎక్కడిదాంక ఒచ్చిన్రు? ఎండ మస్తున్నది, జర పైలం. బస్టాండు కాడికి నేనే ఒస్తున్న."

బస్సు దిగిపోయాను.

భూపాలపల్లి

బొగ్గు లారీలు దుమ్ము లేపుతూ పోతున్న రోడ్డు. చెట్ల ఆకుల మీద కూడా నల్లటి పొర. కమ్లి బస్టాండులో నన్ను ఇట్టే పోల్చుకుంది. ఆధార్‌లో కమల, బడి రికార్డులో కమల, ఫోన్లో మాత్రం కమ్లి. ఇప్పుడు ముప్పై అయిదేళ్లుంటాయి. లంబాడీ గాగ్రా లేదు, మామూలు నైలాన్ చీర. భర్త గని దగ్గర కాంట్రాక్టు పనిలో ఉన్నాడు, ఆ పూట డ్యూటీ.

రెండు గదుల అద్దె ఇల్లు. గుమ్మం దగ్గర నా నీలం చెప్పులు విడుస్తుంటే లోపల్నుంచి ఆ పాటే వినపడింది. పదేళ్ల కూతురు బడి వార్షికోత్సవానికి ఆ పాట మీద డాన్సు నేర్చుకుంటోంది. ఖాళీ వచ్చినప్పుడు చేతులు పైకెత్తి ఆగి, డప్పుతో పాటు ఎగురుతోంది. ఆ గొంతు తల్లిదని దానికి తెలియదట.

"చెప్తే పిల్ల ఆడదు సారు. బల్లె అందరు ఆడుతున్నరు. ఎందుకు చెప్పుడు" అంది కమ్లి. కూతుర్ని ఫోన్ కట్టేసి పక్కింటికి వెళ్లి ఆడుకోమంది.

తప్పయిందని మొదలుపెట్టాను. అడక్కుండా రికార్డు చేయడం, పేరు తప్పు పెట్టడం, దేశాల మీద వదలడం, వరసగా చెప్పుకుంటూ పోయాను. ఆమె చేత్తో వద్దన్నట్టు ఆపింది.

"గది వాళ్లనే ఉంచుకోమనుండ్రి. యాడికే అన్నా, ఇంకేమన్నా, ఏదన్న అనుకోనియ్యి. నాకు గా పాట తోని పని లేదు. మా యాడి మర్లి చెప్పింది ఉంటది గద, గది ఒక్కటి పెట్టుండ్రి. ఒక్కపారి ఇంట."

నా ఫోన్లో ఉన్నది నేను కోసి మిగిల్చిన ఆ నిమిషం చిల్లర ముక్కే. అప్పుడైనా చెప్పేయాల్సింది. పిరికితనం కొద్దీ అదే పెట్టి ఆమె చేతికిచ్చాను. ఆమె చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది. యాడీ ఏ, అంది పదిహేనేళ్ల కిందటి కమ్లి. ఖాళీ. ఈ కమ్లి నొసలు ముడిపడింది, ఇప్పుడొస్తుంది అన్నట్టు తల కాస్త వంచింది. మళ్లీ యాడీ ఏ. మళ్లీ ఖాళీ. అలా నాలుగుసార్లు. చివర్న మేక గంట మోగి ఆగిపోయింది.

కళ్లు తెరిచి అడిగింది. "మా యాడి యాడున్నది సారు?"

"తీసేశానమ్మా. నేనే తీసేశాను. అసలుది కూడా చెరిపేశాను. ఇంక ఎక్కడా లేదు."

"ఎందుకు తీసిన్రు?"

"మీ భాష రాదు నాకు. ఎవరో గోల చేస్తున్నారనుకున్నాను."

"మా యాడి లొల్లి జేస్తున్నదనుకున్నరు" అంది. కోపంగా అనలేదు. ఆ మాటను తనకు తాను చెప్పుకుంటున్నట్టు అంది. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. లేచి లోపలికెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు టీ తెచ్చింది. నేను తాగేదాకా కూర్చుంది. అంతదూరం నుంచి వచ్చానని, ఎండలో జాగ్రత్తగా వెళ్లమని చెప్పింది. గుమ్మం దాకా వచ్చి, నా వైపు చూడకుండా, "ఏం చెప్పిందో ఒక్క మాటన్న మీకు యాదికున్నదా సారు?" అని అడిగింది.

లేదని తల అడ్డంగా ఊపాను.

హనుమకొండ బస్సు కదలక ముందే డ్రైవరు పాటలు పెట్టాడు. రెండో పాట అదే. వెనక సీట్లో కాలేజీ పిల్లలు ఈలలు వేశారు. యాడీ ఏ అని పిలుపు వచ్చింది, ఆ తర్వాత ఖాళీ వచ్చింది. పిల్లలంతా డప్పు కోసం చేతులెత్తి ఆగారు. ఒక దగ్గయినా, ఒక ఊపిరైనా, కోయడం మర్చిపోయిన చిన్న తునకైనా ఉంటుందేమోనని నేను ఆ ఖాళీలోకి చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు. అంత శుభ్రంగా తీశాను.